మేం ఓటేసింది ఈవిడకి కాదు కదా: ఆస్ట్రేలియాలో రాత్రికి రాత్రి ప్రధాని మారితే జనం ఏమన్నారు

2010 జూన్ 23, బుధవారం. సాయంత్రం ఏడు గంటలకి ప్రభుత్వ టీవీ చానల్ ఏబీసీ వార్తల్లో ఒక ముక్క వచ్చింది, ప్రధాని కెవిన్ రడ్‌ని దించడానికి సొంత లేబర్ పార్టీలోనే ఎంపీలు లెక్కలు వేసుకుంటున్నారని. చాలామంది లేబర్ ఎంపీలకే అది కొత్త వార్త, ఇక మామూలు జనం సంగతి చెప్పేదేముంది. ఆ రాత్రే ఉప ప్రధాని జూలియా గిలార్డ్ రడ్ ఆఫీసులో కూర్చుని మాట్లాడింది, తర్వాత రడ్ మీడియా ముందుకొచ్చి రేపు పొద్దున తొమ్మిదింటికి పార్టీ ఎంపీల ఓటింగ్ అని ప్రకటించాడు. తెల్లారేసరికి తన వైపు ఎంతమంది ఉన్నారో అర్థమైపోయి అసలు పోటీకే దిగలేదు. గిలార్డ్ ఏకగ్రీవం. అదే రోజు రాణి ప్రతినిధిగా ఉండే గవర్నర్ జనరల్ క్వెంటిన్ బ్రైస్ ఆవిడ చేత ప్రమాణం చేయించింది. మొత్తం తంతుకి 24 గంటలు కూడా పట్టలేదు. రాత్రి పడుకునేటప్పుడు ఒక ప్రధాని, పొద్దున ఆఫీసుకి చేరేసరికి ఇంకో ప్రధాని.

ఆ దేశానికి మొదటి మహిళా ప్రధాని వచ్చిన రోజు అది. పండగలా గుర్తుండాల్సిన రోజు, కానీ జనం నోట్లో మొదట తిరిగిన మాట మాత్రం "మమ్మల్ని అడిగారా?" అనే.

దీనికి పార్టీ వాళ్ళ జవాబు ఒకటే, ఇప్పటికీ ఎక్కడ ప్రధాని ఇలా మారినా అదే జవాబు వస్తుంది. పార్లమెంటరీ పద్ధతిలో జనం నేరుగా ప్రధానిని ఎన్నుకోరు, ఎంపీని ఎన్నుకుంటారు, మెజారిటీ ఉన్న పార్టీ తన నాయకుడిని తానే పెట్టుకుంటుంది, కాబట్టి ఇందులో తప్పేం లేదు అని. నిజమే, ఆస్ట్రేలియా రాజ్యాంగం మొత్తం వెతికినా ప్రధానమంత్రి అనే పదమే కనపడదు, అదంతా ఆనవాయితీ మీద నడిచే పదవి. లా ప్రకారం చూస్తే గిలార్డ్ ప్రధాని కావడంలో ఒక్క చుక్క తేడా లేదు.

కానీ 2007లో అదే పార్టీ జనం దగ్గరికి ఏం పట్టుకెళ్ళింది? "కెవిన్ 07" అని టీషర్టులు వేసుకుని తిరిగింది. పోస్టర్ మీద రడ్ మొహం, టీవీ యాడ్‌లో రడ్ మొహం, డిబేట్‌లో రడ్. పదకొండేళ్ళకి పైగా కుర్చీలో ఉన్న జాన్ హోవార్డ్‌ని ఓడించి, హోవార్డ్ సొంత సీటు బెనెలాంగ్ కూడా పోయేంతగా ఊపు తెచ్చి, 150 సీట్లలో 83 గెలిచింది ఆ ఒక్క మొహం చూపించే. అంటే మనిషిని చూసి ఓటేయమని నేర్పించింది పార్టీయే, రెండున్నరేళ్ళు తిరిగాక "మీరు ఓటేసింది మనిషికి కాదు పార్టీకి" అంటున్నదీ ఆ పార్టీయే. జనానికి మండిందంటే రాజ్యాంగం తెలియక కాదు, తెలిసే మండింది. ఓట్లప్పుడు ఒక లెక్క, దించేటప్పుడు ఇంకో లెక్క అయితే ఎవరికైనా అలాగే ఉంటుంది.

అయినా మార్పు జరిగిన ప్రతిసారీ జనం ఒకేలా రియాక్ట్ అవలేదు, అసలు విషయం అక్కడే ఉంది. కొన్నిసార్లు తిట్టారు, కొన్నిసార్లు హమ్మయ్య అనుకున్నారు, ఒకసారైతే రోడ్ల మీదకొచ్చి అరిచి మరీ ఆ తర్వాత అరిచిన దానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఈ తేడా ఎందుకొచ్చిందో చూస్తే ప్రజలు ఎన్నుకోలేదు అన్న పాయింటు ఒక్కటే కోపానికి కారణం కాదని తెలుస్తుంది. ఎందుకు మార్చారో చెప్పారా లేదా, చెప్పింది నమ్మేలా ఉందా లేదా, దాని మీదే చాలావరకు నడిచింది.

2010లో ఆ "ఎందుకు" అనేదానికి జవాబు లేదు. రడ్‌కి కష్టాలు లేవని కాదు. వాతావరణ మార్పు మన తరానికి అతి పెద్ద నైతిక సవాలు అని చెప్పిన మనిషి, కాలుష్యం వదిలే కంపెనీలకి రేటు పెట్టే కార్బన్ ట్రేడింగ్ బిల్లు ఎగువ సభ సెనేట్‌లో రెండుసార్లు ఓడిపోయాక 2010 ఏప్రిల్‌లో దాన్ని పక్కన పెట్టేశాడు, అక్కడే చాలామందికి నమ్మకం సడలింది. ఇళ్ళ పైకప్పుల కింద ఇన్సులేషన్ వేసే స్కీములో పనిచేస్తూ నలుగురు కుర్రాళ్ళు చనిపోయారు. మేలో గనుల కంపెనీల అధిక లాభాల మీద 40 శాతం పన్ను అన్నాడు, కంపెనీలు కోట్ల డాలర్లు పోసి టీవీ యాడ్లతో విరుచుకుపడ్డాయి. సర్వేలు పడ్డాయి. ఇవన్నీ జనానికి తెలిసినవే, కానీ వీటిలో ఏదీ ప్రధానిని తెల్లారేసరికి తీసేయాల్సినంత పెద్దదిగా ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే అదే నాయకుడు ఏడాది కిందటి దాకా సర్వేల్లో ఆకాశంలో ఉన్నాడు, ఎన్నికలు ఎలాగూ కొద్ది నెలల్లోనే ఉన్నాయి. పైగా మేలో గిలార్డే స్వయంగా, నాయకత్వం మారడం కన్నా తను ఫుట్‌బాల్ టీమ్ వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కి ఫుల్ ఫార్వర్డ్‌గా ఆడే చాన్సే ఎక్కువ అని నవ్వుతూ చెప్పింది. నెల తిరిగేసరికి ఆవిడే ప్రధాని.

ప్రమాణం రోజు ఆవిడ ఇచ్చిన కారణం ఒక్క వాక్యం, మంచి ప్రభుత్వం దారి తప్పుతోందని అనిపించింది అని. ఏ దారి, ఎక్కడ తప్పింది, ఎవరు తప్పించారు? దానికి వివరం లేదు. లేకపోవడానికి కారణం కూడా ఉంది, అది అర్థమైతే ఆ తర్వాత మూడేళ్ళు అర్థమవుతాయి. రడ్ ప్రభుత్వంలో పెద్ద నిర్ణయాలన్నీ నలుగురి కమిటీలో జరిగిపోయేవి: రడ్, గిలార్డ్, బడ్జెట్ చూసే ట్రెజరర్ వేన్ స్వాన్, ఫైనాన్స్ మంత్రి లిండ్సే టానర్. ఆ నలుగురిలో ఇద్దరే ఇప్పుడు కొత్త ప్రధాని, కొత్త ఉప ప్రధాని. కమిటీ పద్ధతి బాలేదు అంటే మరి మీరు అక్కడ కూర్చుని ఏం చేశారు అని అడుగుతారు. మనిషి తీరు బాలేదు, కింది వాళ్ళని చూసే విధానం బాలేదు అంటే, మరి అలాంటి మనిషికి రెండున్నరేళ్ళు డిప్యూటీగా ఉండి రోజూ టీవీలో ఎందుకు పొగిడారు అంటారు. ఎన్నికలు ముంగిట్లో ఉండగా సొంత పార్టీ మాజీ ప్రధాని మీద బురద జల్లితే ఆ బురద పార్టీ మీదే పడుతుంది. దాంతో నోరు కట్టేసుకున్నారు. పైకి అది పెద్దరికంలా కనిపించింది, కానీ జనం దగ్గర ఖాళీగా ఉన్న ఆ చోటులోకి ఇంకో కథ వచ్చి కూర్చుంది, అది వెన్నుపోటు కథ.

ఆ కథకి ఆ రాత్రే ఒక మొహం కూడా దొరికింది. ఓటింగ్ ఇంకా జరగకముందే ఆస్ట్రేలియన్ వర్కర్స్ యూనియన్ నాయకుడు పాల్ హౌస్ రాత్రి టీవీ ప్రోగ్రాంలో కూర్చుని తన యూనియన్ మద్దతు గిలార్డ్‌కి ఎందుకు మారిందో చెప్పాడు. అతను ఎంపీ కాదు, ఏ నియోజకవర్గం అతన్ని ఎన్నుకోలేదు. ఇంట్లో టీవీ చూస్తున్న మనిషికి అక్కడ కనపడింది ఏంటంటే, మేం ఓటేసిన ప్రధాని ఉండాలో పోవాలో మేం ఓటేయని మనిషి చెప్తున్నాడు అని. రడ్ కూడా అదే రాత్రి ఆ నరం మీదే కొట్టాడు, తనని ఎన్నుకుంది దేశ ప్రజలు కానీ పార్టీలో ముఠా నాయకులు కాదు అన్నాడు.

ఆస్ట్రేలియాలో ఈ ముఠా పెద్దలకి "ముఖం లేని మనుషులు" అని ఎప్పటినుంచో పేరుంది. అది 1963 నాటిది. లేబర్ పార్టీ ఫెడరల్ కాన్ఫరెన్స్‌లో 36 మంది డెలిగేట్లు కాన్‌బెర్రాలో ఒక హోటల్ లోపల పార్టీ పాలసీ తేలుస్తుంటే పార్టీ నాయకుడు ఆర్థర్ కాల్వెల్, డిప్యూటీ గఫ్ విట్లమ్ అర్ధరాత్రి బయట వీధి దీపం కింద నిలబడి ఏం తేలుతుందా అని ఎదురుచూస్తున్న ఫోటోలు పేపర్లో పడ్డాయి. ప్రధాని రాబర్ట్ మెంజీస్ దాన్ని ఎన్నికల ఆయుధం చేసుకున్నాడు. 47 ఏళ్ళ తర్వాత అదే మాట దుమ్ము దులుపుకుని మళ్ళీ లేచింది, ఎందుకంటే చూసినవాళ్ళకి అదే సీను మళ్ళీ కనపడింది.

ఇక మర్నాడు ప్రధాని ఆఫీసు పక్క ప్రాంగణంలో రడ్ వీడ్కోలు ప్రసంగం. పక్కన భార్యాపిల్లలు. చేసిన పనులు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ మధ్యలో గొంతు పట్టేసి ఆగిపోతాడు, చాలాసేపు ఏమీ మాట్లాడడు, కెమెరాలు తిరుగుతూనే ఉంటాయి. ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కెళ్ళిన తరాలకి 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో చెప్పిన క్షమాపణ గురించి చెప్పేటప్పుడైతే మాట పెగల్లేదు. ఆ ముందురోజు దాకా రడ్ అంటే విసుక్కున్నవాళ్ళు కూడా ఆ నిమిషాల్లో మెత్తబడ్డారు. వివరణ లేని చోట జనం చేతిలో మిగిలింది ఆ ఏడుపు దృశ్యం ఒక్కటే.

గిలార్డ్‌కి ఈ లోటు తెలియదని కాదు. ప్రజలు ఎన్నుకునేదాకా అధికార నివాసం ద లాడ్జ్‌లోకి మారను అంది, అది చాలా మర్యాదైన నిర్ణయం, కానీ ఇంకోరకంగా చూస్తే తన దగ్గర పూర్తి హక్కు లేదని తనే ఒప్పుకున్నట్టు కూడా అయింది. మొదటి సర్వేలు బాగానే వచ్చాయి. కొత్త నాయకుడు రాగానే సర్వేలు ఎగరడం ఎక్కడైనా ఉండేదే, దాన్ని జనం ఒప్పేసుకున్నారని చదువుకోవడమే పెద్ద పొరపాటు, అది కొత్త మనిషిని చూద్దాం అనే కుతూహలం మాత్రమే. గనుల కంపెనీలతో వారంలో రాజీ కుదిరింది, పన్ను 30 శాతానికి దిగింది. వెంటనే ఆగస్టు 21కి ఎన్నికలు పెట్టేశారు. ప్రచారం మధ్యలో కేబినెట్ లోపలి మాటలు లీకవడం మొదలైంది, ప్రతి లీకూ జూన్ రాత్రిని మళ్ళీ గుర్తుచేసేది.

ఫలితం: లేబర్‌కి 72, ప్రతిపక్షంలో ఉన్న లిబరల్-నేషనల్ కూటమికి 72, హంగ్. లేబర్‌ని మొదటి ఎంపికగా పెట్టిన ఓట్లు 43 శాతం పైనుంచి 38 శాతానికి పడ్డాయి. రడ్ సొంత రాష్ట్రం క్వీన్స్‌లాండ్‌లో 30 సీట్లకి లేబర్ గెలిచింది 8 మాత్రమే, దీనికి వేరే కారణాలు కూడా ఉన్నాయి కానీ మా మనిషిని దించారు అన్న బాధ అందులో లేదంటే నమ్మడం కష్టం. 17 రోజుల బేరసారాల తర్వాత ఇండిపెండెంట్లు, గ్రీన్స్ పార్టీ మద్దతుతో గిలార్డ్ నిలబడింది. ఆ రాజీలో భాగంగా కార్బన్‌కి ధర పెట్టాల్సి వచ్చింది, ఎన్నికల ముందు కార్బన్ ట్యాక్స్ ఉండదు అని చెప్పిన మాట అక్కడ చెడింది, ముందే దొడ్డిదారిన వచ్చింది అని ముద్రపడ్డ మనిషికి అబద్ధాలకోరు అనే ముద్ర కూడా తోడైంది.

ఇందులో ఆడది అన్న కోణం లేదనడం అన్యాయం. 1991 డిసెంబర్‌లో పాల్ కీటింగ్ కూడా సొంత ప్రధాని బాబ్ హాక్‌ని పార్టీ ఓటింగ్‌లోనే 56-51తో దించాడు, అది కూడా నాలుగు ఎన్నికలు గెలిచిన ప్రధానిని. కీటింగ్‌ని తిట్టారు కానీ అది రాజకీయం అన్నారు, పట్టుదల అన్నారు, 1993లో గెలిపించారు కూడా. గిలార్డ్ విషయంలో మాత్రం మంత్రగత్తె లాంటి మాటలు ప్లకార్డుల మీదకి ఎక్కాయి, 2011 మార్చిలో పార్లమెంటు బయట సభలో అలాంటి బోర్డుల ముందే ప్రతిపక్ష నాయకుడు టోనీ ఆబట్ నిలబడి మాట్లాడాడు. ఒకే పని ఇద్దరు చేస్తే ఒకరిది చాకచక్యం, ఇంకొకరిది ద్రోహం అయింది. కాకపోతే కీటింగ్‌కి ఒక వెసులుబాటు ఉంది, అతని పోటీ దాచిపెట్టింది కాదు, ఆరు నెలల ముందు జూన్‌లో ఒకసారి 66-44తో ఓడిపోయి బయట కూర్చున్నాడు, దేశం మాంద్యంలో ఉంది, ఈ గొడవ ఎందుకో జనానికి ముందే తెలుసు. ఆడది అన్న వివక్ష, కారణం చెప్పకపోవడం, ఈ రెండూ ఒకదానికొకటి బలం ఇచ్చుకున్నాయి, వాటిని విడదీసి ఇంత శాతం ఇది అని చెప్పలేం.

ఇప్పుడు 1975కి వెళ్ళాలి, ఎందుకంటే ఎన్నిక లేకుండా ప్రధాని మారడం అనే మాటకి అసలైన అర్థం అక్కడుంది. 2010లో కనీసం మార్చింది ఎన్నికైన ఎంపీలు. 1975 నవంబర్ 11న మార్చింది ఒకే ఒక్క మనిషి, గవర్నర్ జనరల్ సర్ జాన్ కెర్, ఆయన్నీ ఎవరూ ఎన్నుకోలేదు. అప్పటికి ప్రధాని అయిన గఫ్ విట్లమ్ లేబర్ ప్రభుత్వానికి దిగువ సభలో మెజారిటీ ఉంది, కానీ సెనేట్‌లో ప్రతిపక్షం అక్టోబర్ నుంచి బడ్జెట్ డబ్బు ఆపేసింది. ఆ మధ్యాహ్నం విట్లమ్ సెనేట్ సగం సీట్లకి ఎన్నిక పెట్టమని అడగడానికి గవర్నర్ జనరల్ ఇంటికి వెళ్తే, కెర్ చేతిలో బర్తరఫ్ కాగితం పెట్టాడు. ప్రతిపక్ష నాయకుడు మాల్కమ్ ఫ్రేజర్ అప్పటికే ఆ ఇంట్లోనే ఇంకో గదిలో ఉన్నాడు. సెనేట్‌లో డబ్బు బిల్లు వెంటనే పాసైపోయింది. దిగువ సభ కొత్త ప్రధాని మీద 64-54తో అవిశ్వాసం పెట్టి, ఆ తీర్మానం పట్టుకుని స్పీకర్ గోర్డన్ స్కోల్స్ వెళ్తానంటే కెర్ వెంటనే కలవలేదు, కలిసేసరికి పార్లమెంటే రద్దయిపోయింది.

సాయంత్రం ఐదు కావస్తుండగా పార్లమెంటు మెట్ల మీద గవర్నర్ జనరల్ సెక్రటరీ డేవిడ్ స్మిత్ రద్దు ప్రకటన చదువుతుంటే జనం గోలలో ఒక్క ముక్క వినపడలేదు. అతని వెనకే ఎత్తుగా విట్లమ్ నిలబడి ఉన్నాడు. ప్రకటన చివర దేవుడు రాణిని కాపాడుగాక అని ఉంటుంది, దాన్ని పట్టుకుని విట్లమ్, రాణిని దేవుడు కాపాడుగాక అనొచ్చు కానీ గవర్నర్ జనరల్‌ని మాత్రం ఏదీ కాపాడలేదు అన్నాడు. ఈ కోపాన్ని ఎన్నికల రోజు దాకా ఆరనివ్వకండి అని జనాన్ని అడిగాడు. దేశమంతా ఊరేగింపులు, పని మానేసి బయటికొచ్చిన కార్మికులు, సభల్లో ఇసకేస్తే రాలనంత జనం. ఆ వారాల్లో వీధులు చూసినవాళ్ళెవరైనా విట్లమ్ గెలుస్తాడనే అనుకుని ఉంటారు.

డిసెంబర్ 13న ఓట్లు లెక్కపెడితే 127 సీట్లలో ఫ్రేజర్ కూటమికి 91, లేబర్‌కి 36. మామూలు ఓటమి కాదు, తుడిచిపెట్టుకుపోవడం.

ఇది చాలామందికి ఇప్పటికీ మింగుడుపడదు, కానీ దీనిలో వైరుధ్యం లేదు. వీధిలోకి వచ్చేవాళ్ళూ, ఇంట్లో ఉండి ఓటేసేవాళ్ళూ ఒకరే కానవసరం లేదు, ఆస్ట్రేలియాలో ఓటు తప్పనిసరి కాబట్టి ఇంట్లో ఉండే మౌన జనం మొత్తం పోలింగ్‌కి వస్తుంది. ఆ జనానికి బర్తరఫ్ జరిగిన తీరు నచ్చకపోయినా, ధరలు పెరిగిపోతున్నాయి, నిరుద్యోగం పెరుగుతోంది, మంత్రులు విదేశీ అప్పుల వ్యవహారంలో ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు. పైగా కెర్ బర్తరఫ్ చేస్తూనే ఎన్నిక కూడా పెట్టేశాడు, అంటే "మమ్మల్ని అడిగారా" అన్న ప్రశ్నకి నెలలో అడిగారు. అడిగాక జనం జవాబు చెప్పేశారు. పద్ధతి తప్పని అనుకుంటూనే ఫలితం కావాలని అనుకోవడం సాధ్యమే, మనుషులు రోజూ చేసే పనే అది.

కానీ ఆ కోపం వృథా పోయిందా అంటే అస్సలు కాదు. అది ఓట్లలో కాకుండా వేరే చోట తేలింది. కెర్ బయటికొస్తే చాలు నిరసనలు, 1977 చివర్లో పదవి వదిలేసి ఎక్కువకాలం విదేశాల్లోనే గడిపాడు. అసలు సెనేట్‌లో డబ్బు ఆపేంత బలం ప్రతిపక్షానికి ఎలా వచ్చిందంటే, రెండు ఖాళీల్లో న్యూసౌత్‌వేల్స్, క్వీన్స్‌లాండ్ ప్రభుత్వాలు పాత సెనేటర్ల పార్టీ చెప్పినవాళ్ళని కాదని వేరే మనుషుల్ని పంపడం వల్ల. 1977 మేలో రెఫరెండం పెట్టి ఆ దారి మూసేశారు, ఇప్పుడు సెనేటర్ ఖాళీ అయితే అదే పార్టీ మనిషి రావాలి. రెఫరెండాలు మహా అరుదుగా పాసయ్యే దేశంలో ఇది పాసైంది, అదీ ఫ్రేజర్ హయాంలోనే.

ఇదే పద్ధతి తర్వాత కూడా కనపడుతుంది. 2015 సెప్టెంబర్ 14న మాల్కమ్ టర్న్‌బుల్ తన సొంత లిబరల్ పార్టీ ప్రధాని టోనీ ఆబట్‌ని 54-44తో దించాడు. పైకి చూస్తే 2010 లాంటిదే, ఆబట్ కూడా ఎన్నిక గెలిచి రెండేళ్ళే అయింది. కానీ ఈసారి చాలా ఇళ్ళల్లో ఊపిరి పీల్చుకున్న శబ్దం. ఫిబ్రవరిలోనే ఒకసారి ఆబట్ మీద తిరుగుబాటు వచ్చి 61-39తో గట్టెక్కాడు, కాబట్టి ఏడు నెలలుగా అందరికీ తెలుసు. టర్న్‌బుల్ పోటీకి దిగుతూనే నిలబడి కారణం చెప్పాడు, ఆర్థిక నాయకత్వం లేదు, వరసగా 30 న్యూస్‌పోల్ సర్వేలు ఓడిపోయాం అని. ఆ సర్వేల సంఖ్య చెప్పడం మాత్రం తన కొలబద్ద తనే చేసి ఇచ్చినట్టయింది, 2018 ఏప్రిల్‌లో తన హయాంలో కూడా 30 ఓటములు నిండినప్పుడు పేపర్లన్నీ అదే గుర్తుచేశాయి. 2016 ఎన్నికల్లో కూటమి సీట్లు 90 నుంచి 76కి జారాయి, అంటే ఆ హమ్మయ్య కూడా ఎక్కువకాలం నిలవలేదు.

2018 ఆగస్టు మళ్ళీ 2010 లాగే అయింది, కొన్ని విషయాల్లో ఇంకా దారుణంగా. వారం రోజులు పార్లమెంటు పని పక్కనపెట్టి పార్టీ తనలో తాను కొట్టుకుంది. మంగళవారం టర్న్‌బుల్ 48-35తో సొంత పార్టీ మంత్రి పీటర్ డటన్ మీద గెలిచాడు, శుక్రవారానికి అసలు నాయకత్వం ఖాళీ చేయాలన్న తీర్మానమే 45-40తో నెగ్గింది, చివరికి డటనూ కాకుండా స్కాట్ మారిసన్ 45-40తో ప్రధాని. రెండు రోజుల ముందే ఆ మారిసన్ టర్న్‌బుల్ భుజం మీద చెయ్యేసి ఈయనే నా నాయకుడు అని కెమెరాల ముందు చెప్పాడు. ఎందుకు దించారు అని ప్రతిపక్షం నెలల తరబడి పార్లమెంటులో అడుగుతూనే ఉంది, సూటిగా జవాబిచ్చినవాళ్ళు లేరు. టర్న్‌బుల్ ఖాళీ చేసిన సిడ్నీ వెంట్‌వర్త్ సీటులో అక్టోబర్ 20న ఉప ఎన్నిక పెడితే, లిబరల్ పార్టీకి కంచుకోట లాంటి ఆ సీటులో దాదాపు 19 శాతం ఓట్లు అటునుంచి ఇటు మారి ఇండిపెండెంట్ కెరిన్ ఫెల్ప్స్ గెలిచింది. ప్రభుత్వం మెజారిటీయే పోయింది.

ఇక మారిసన్ పనైపోయిందన్నారు అందరూ. 2019 మే 18న ఆయనే గెలిచాడు, 77 సీట్లు. వెంట్‌వర్త్ కూడా తిరిగి లిబరల్స్‌కి వచ్చేసింది. ఇక్కడ కారణం చెప్పకపోతే శిక్ష తప్పదు అనే సూత్రం పనిచేయలేదు, ఒప్పుకోవాలి. ఎన్నికల నాటికి మాట పాత ప్రధాని గురించి కాకుండా ప్రతిపక్షం తేబోయే పన్ను మార్పుల గురించి అయిపోయింది, కోపానికి కూడా గడువు ఉంటుంది, దాని స్థానంలోకి జేబుకి సంబంధించిన భయం వస్తే అది పక్కకి తప్పుకుంటుంది. అయితే పూర్తిగా పోలేదు, అదే రోజు సిడ్నీ వారింగాలో 25 ఏళ్ళ నుంచి గెలుస్తున్న టోనీ ఆబట్ ఇండిపెండెంట్ జాలీ స్టెగ్గల్ చేతిలో ఓడిపోయాడు. అక్కడ వాతావరణం లాంటి వేరే విషయాలూ ఉన్నాయి కానీ టర్న్‌బుల్ మీద వారం రోజుల యుద్ధంలో ఆబట్ ఏ వైపున్నాడో ఆ ఓటర్లు మర్చిపోలేదు.

బ్రిటన్‌లోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1990 నవంబర్‌లో ప్రధాని మార్గరెట్ థాచర్ తన కన్జర్వేటివ్ పార్టీ ఓటింగ్‌లో 204-152తో ముందున్నా, రూల్ ప్రకారం కావాల్సిన ఆధిక్యం నాలుగు ఓట్లతో తప్పి దిగిపోయింది. ఎందుకో ఎవరికీ చెప్పక్కర్లేదు, తలకింత పన్ను మీద ఆ మార్చిలోనే లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ అట్టుడికిపోయింది. జాన్ మేజర్ వచ్చి ఆ పన్ను తీసేస్తానన్నాడు, 1992 ఎన్నికల్లో ఆయన పార్టీకి కోటీ నలభై లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి, అంత ఏ బ్రిటన్ పార్టీకీ మళ్ళీ పడలేదు. అదే 2022లో ఆ పార్టీ నుంచే లిజ్ ట్రస్ పార్టీ సభ్యుల ఓట్లు 81,326తో ప్రధాని అయి, ఎన్నికల్లో ఎవరూ అడగని పన్నుల కోతలు సెప్టెంబర్ 23న ప్రకటించి, 49 రోజుల్లో వెళ్ళిపోయింది, తర్వాత రిషి సునాక్‌కి ఆ పార్టీ సభ్యుల ఓటు కూడా లేదు. పాత ప్రధాని పోవడానికి కారణం అందరికీ తెలుసు, కొత్త ప్రధాని దేనికోసమో మాత్రం జనం ఓటేసి చెప్పింది ఎప్పుడూ లేదు. 2024 జూలై ఎన్నికల్లో అడిగినప్పుడు ఆ పార్టీకి 121 సీట్లే ఇచ్చారు.

తిరిగి గిలార్డ్ దగ్గరికి వస్తే, ఆ మౌనం చివరికి 2012 ఫిబ్రవరిలో పగిలింది. విదేశాంగ మంత్రిగా ఉన్న రడ్ రాజీనామా చేసి మళ్ళీ పోటీకి దిగితే, అప్పుడు మంత్రులు ఒక్కొక్కరూ నోరు విప్పారు. వేన్ స్వాన్ ప్రకటన అయితే మరీ ఘాటు, నిర్ణయాలు అస్తవ్యస్తంగా ఉండేవని, తోటివాళ్ళని కించపరిచేవాడని. ఎంపీలు 71-31తో గిలార్డ్ వైపే నిలిచారు, అంటే లోపల పనిచేసినవాళ్ళ అభిప్రాయం అంత స్పష్టంగా ఉంది. ఇదే మాట 2010 జూన్ 24న చెప్పి ఉంటే తిట్లు పడేవి, కానీ కనీసం ఒక వాదన ఉండేది. ఇరవై నెలలు ఆగి చెప్పేసరికి జనానికి అది కారణంలా వినపడలేదు, గొడవలో అరిచే అరుపులా వినపడింది. సర్వేల్లో జనం రడ్‌నే కోరుకుంటూ వచ్చారు, పార్టీకి భయం పట్టి 2013 జూన్ 26న 57-45తో ఆయన్నే తిరిగి తెచ్చుకుంది, సెప్టెంబర్ 7న అదే జనం ఆయనకి 55 సీట్లిచ్చి ఇంటికి పంపారు. రడ్‌ని దించారని బాధపడ్డారు నిజమే, కానీ ఆ బాధ రడ్ మళ్ళీ కావాలని కాదని, తమని పక్కనపెట్టి చేసిన పని మీద అని పార్టీకి అప్పటికి గానీ తెలిసిరాలేదు.

ఆ రెండు నెలల్లో రడ్ చేయించిన ఒక పని మాత్రం మిగిలింది. లేబర్ ప్రధానిని దించాలంటే ఇకనుంచి పార్టీ ఎంపీల్లో 75 శాతం మంది పేరు పెట్టి సంతకం చేయాలి, కొత్త నాయకుడి ఎన్నికలో మామూలు పార్టీ సభ్యుల ఓటుకి సగం బరువు ఉంటుంది. 2018 డిసెంబర్‌లో లిబరల్స్ కూడా, ఎన్నిక గెలిచిన ప్రధానిని తీసేయాలంటే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని రూల్ పెట్టుకున్నారు. మారిసన్ 2022 మే ఎన్నికల దాకా కుర్చీలో ఉన్నాడు, ఎన్నిక నుంచి ఎన్నిక దాకా పూర్తిగా ఉన్న ప్రధాని హోవార్డ్ తర్వాత మొదట ఆయనే. ఆయన్ని దించింది ఓటర్లు. ఆ రెండు రూల్స్‌నీ ఒక ప్రధాని మీద వాడి చూసే అవసరం ఆస్ట్రేలియాకి ఇంకా రాలేదు.